ఊరి పలక, వాడ పాట
(పాత చిత్తూరు జిల్లా దళితవాడల సంగీత జ్ఞాపకాల గురించి)

పాత పాటల మీద మమకారంతో రాసిన వ్యాసాలు తెలుగులో కొల్లలు. రేడియోలో విన్న సినిమా పాటలు, అరుగు మీద తాతగారు పాడుకున్న త్యాగరాజ కీర్తనలు, తెల్లారుజామున గుడి మైకులోంచి వచ్చే సుప్రభాతం, ఇవన్నీ కలిస్తే 'మన బాల్యపు సంగీతం' అవుతుందని ఆ వ్యాసాలు చెబుతాయి. ఈ 'మన'లో ఎవరున్నారు, ఎవరు లేరు అనే ప్రశ్న మాత్రం వాటిల్లో రాదు. తిరుపతి చుట్టుపక్కల పుట్టినవాళ్ళం సుప్రభాతం వినలేదని ఎవరూ అనరు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 1963లో రికార్డు చేసిన సుప్రభాతం కొండకింద ప్రతి కాఫీ అంగడిలోనూ మోగింది. మైకు శబ్దానికి అంటరానితనం తెలియదు కాబట్టి అది వాడకూ వినిపించింది. అయితే వాడలో పుట్టిన పాట ఊరి అరుగు దాకా ఎందుకు పోలేదు? పోయిన శబ్దం ఏదైనా ఉంటే అది ఏ షరతు మీద పోయింది? ఈ వ్యాసం ఈ రెండు ప్రశ్నల చుట్టూ నడుస్తుంది.

1911లో ఏర్పడి 2022లో ముక్కలైన పాత చిత్తూరు జిల్లా ఇక్కడ మన పరిధి. ఈ జిల్లాలో దళితుల నివాసాలకు సర్కారు కాగితాల్లో ఆది ఆంధ్రవాడ, అరుంధతివాడ, హరిజనవాడ అని పేర్లున్నాయి. పేరు ఏదైనా అక్కడ పెరిగిన పిల్లల చెవుల్లో పడింది ఒక సంగీతం కాదు, రెండు. ఒకటి ఊరి కోసం, ఊరి ఆజ్ఞ మీద కొట్టిన పలక. రెండోది వాడ తన కోసం తాను పాడుకున్న పాట. ఈ రెంటినీ కలిపేసి 'మా పల్లె సంగీతం ఎంత గొప్పది' అని మురిసిపోతే వెట్టి మరుగున పడుతుంది. రెంటినీ కలిపేసి 'ఇదంతా బానిసత్వపు గుర్తు' అని పారేస్తే మన చరిత్ర మన చేతుల్తోనే పోతుంది. రెంటినీ విడదీసి గుర్తుపెట్టుకోవడమే మన పని.

ఆత్మ సంగీతం అంటే

ఈ మాట అర్థం కావాలంటే కాసేపు అమెరికా నల్లజాతి వారి దగ్గరికి వెళ్ళాలి. వాళ్ళు 'సోల్' అని పిలుచుకునే సంగీతం ఉంది. సోల్ అంటే ఆత్మ. 1950లు, 60లలో రూపం దిద్దుకున్న ఈ పాటలను ఇప్పటి నల్లజాతి పెద్దవాళ్ళు 'మా ఇంట్లో, మా అమ్మ వంట చేస్తుంటే విన్నాం' అని మురిపెంగా తలుచుకుంటారు. ఆ మురిపెం వెనకాల మూడు వందల ఏళ్ళ దుఃఖం ఉంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన జనం పత్తిచేలల్లో పాడిన పని పాటలు, రాత్రిపూట దొంగచాటుగా కూడి పాడిన భక్తి పాటలు దాని వేర్లు. ఒకడు ఎత్తుకుంటే పదిమంది అందుకునే పద్ధతి దాని నడక. డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ 1903లో రాసిన 'నల్లవారి ఆత్మలు' అనే పుస్తకం చివరి అధ్యాయాన్ని ఈ దుఃఖగీతాలకే కేటాయించాడు. బానిస మాట్లాడడానికి వీల్లేని కాలంలో లోకానికి అతను పంపిన సందేశం ఆ పాటేనని ఆయన వాదన.

1954లో రే చార్లెస్ చర్చి బాణీకి లౌకికమైన మాటలు కట్టి పాడాడు. చర్చి పెద్దలు కొందరు మండిపడ్డారు, జనం ఎగబడ్డారు. పాస్టరు కూతురు అరీతా ఫ్రాంక్లిన్ 1967లో, ఓటిస్ రెడ్డింగ్ రాసి పాడిన 'రెస్పెక్ట్' అనే పాటను తీసుకుని, మొగుడు పెళ్ళాన్ని అడిగే గౌరవాన్ని ఆడది అడిగే గౌరవంగా తిప్పేసింది. హక్కుల పోరాటంలో ఉన్న జనం దాన్ని తమ జాతి అడిగే గౌరవంగా విన్నారు. శామ్ కుక్ అనే గాయకుడు తన పాటల హక్కు తన దగ్గరే ఉండాలని సొంత కంపెనీ పెట్టుకున్నాడు. 1959లో డెట్రాయిట్‌లో పుట్టిన మోటౌన్ కంపెనీ యజమాని కూడా నల్లవాడే. అంటే దుఃఖం పాటయింది, పాట రికార్డయింది, ఆ రికార్డు మీద కొంతవరకైనా పాడినవాళ్ళకు హక్కు వచ్చింది. నల్లజాతి పాట జ్ఞాపకానికి ఈ మూడు మెట్లున్నాయి. మన వాడ పాట మొదటి మెట్టు మీదే ఆగిపోయింది.

ఈ పోలిక ఊరికే తెచ్చిపెట్టుకున్నది కాదు. అంబేద్కర్ 1946లో డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. నీగ్రోల స్థితికీ అంటరానివాళ్ళ స్థితికీ ఎంతో పోలిక ఉందనీ, నీగ్రోలు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతి పంపమనీ అడిగాడు. డుబాయిస్ జవాబు రాశాడు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ పేరు కూడా అక్కడి బ్లాక్ పాంథర్ల నుంచి వచ్చిందే. రాజకీయాల్లో కుదిరిన ఈ పోలికను సంగీతంలోకి తెచ్చే పని మనం ఇంకా పూర్తిగా చేయలేదు.

ఊరి కోసం కొట్టిన పలక

తెలంగాణలో డప్పు అనేదాన్ని మన వైపు పలక అంటారు. గుండ్రటి చెక్క చట్రానికి పచ్చితోలు సాగదీసి, చింతగింజల జిగురుతో అతికించి ఆరబెడతారు. ఒక చేతిలో పొడుగు పుల్ల, రెండో చేతిలో పొట్టి పుల్ల. కొట్టేముందు గడ్డి మంట దగ్గర కాచాలి. తోల్లో తేమ పోయి బిగుసుకుంటేనే గొంతు లేస్తుంది. చలి రాత్రుల్లో, మంచు పడేటప్పుడు మాటిమాటికీ కాచాలి. జాతరలో ఊరంతా ఎగురుతుంటే పలక కొట్టేవాడు మంట దగ్గరికీ గుంపులోకీ తిరుగుతూనే ఉంటాడు. పండగ చూసే తీరిక వాడికి ఉండదు. తోలు ఒలిచేదీ, ఊనేదీ, పలక కట్టేదీ, కొట్టేదీ మాదిగలు. కొన్ని తావుల్లో మాలలు కూడా కొట్టేవాళ్ళు. గొడ్డు తోలు ముట్టినందుకు అంటరానివాడు. ఆ తోలు మోగకపోతే అమ్మవారు కదలదు. ఈ వైరుధ్యాన్ని మన సంగీత శాస్త్రాలేవీ పట్టించుకోలేదు.

పలక దెబ్బకు భాష ఉంది. పెళ్ళి దెబ్బ వేరు, జాతర దెబ్బ వేరు, సావు దెబ్బ వేరు, చాటింపు దెబ్బ వేరు. చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు తల ఎత్తకుండానే 'ఎవురో పొయినట్టుండారే' అనేవాళ్ళు. మా పల్లెలో పిల్లోళ్ళం సట్టి మూతల మీద, పాత డబ్బాల మీద ఈ దెబ్బలన్నీ నేర్చుకున్నాం. ఎవరూ నేర్పలేదు, చెవిన పడింది చేతికొచ్చింది. సాయంత్రం పూట ఆ శబ్దం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. దాచుకోవలసిన పని లేదు.

కానీ అదే పలక వెనకాల ఒక పిలుపు ఉంది. ఊరి పెద్ద మనిషి పంపిన మనిషి వాడ మొగదాల నిలబడి 'రేయ్, పలకలు తీసుకోని రాండ్రా' అంటాడు. పనికి పోవలసిన దినమా, ఇంట్లో బిడ్డకు జరమా, ఎవరికీ పట్టదు. ఊరి శవం ముందర కొట్టుకుంటూ పోవాలి. వాడలో మనిషి చచ్చిపోతే ఊరు రాదు. కూలి అంటారా, గంపలో పోసిన కూడు, ఒక సారా బుడ్డి, ఏడాదికొకసారి కళ్ళంలో చేటెడు గింజలు. తోటి పని, వెట్టి పని చేసేవాళ్ళకు మాన్యం అని కొంచెం నేల ఉండేది. 1956 నాటి ఇనాముల రద్దు చట్టం తర్వాత కాగితం మీద అది వాళ్ళ పేరుకు రావలసి ఉన్నా, చాలా చోట్ల ఎవరి చేతుల్లోకి పోయిందో వాడల్లో పెద్దోళ్ళను అడిగితే చెబుతారు. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. పలక పిలుపు మాత్రం రద్దు కాలేదు.

కాబట్టి 'పలక మోత వింటే నా బాల్యం గుర్తొస్తుంది' అనే వాక్యం ఊరివాడు రాస్తే ఒక అర్థం, వాడవాడు రాస్తే ఇంకో అర్థం. ఊరివాడి జ్ఞాపకంలో పండగ ఉంటుంది. వాడవాడి జ్ఞాపకంలో ఆ పండగ నాడు నాయన ఎంత రాత్రికి ఇంటికొచ్చాడు, ఎట్లా వచ్చాడు, ఏం తెచ్చాడు అనేది ఉంటుంది. శబ్దం ఒకటే, విన్న చోటు వేరు.

గంగమ్మ జాతరలో తోటి, మాతంగి

ఈ తేడా తిరుపతి గంగమ్మ జాతరలో కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. ఆడపిల్లలను చెరబట్టే పాలెగాణ్ణి గంగమ్మ వేషాలు మార్చుకుంటూ వెతికి చంపిందనేది కథ. దాన్నిబట్టి జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపుకుండల వేషం వరసగా వస్తాయి. దొర, మాతంగి వంటి ముఖ్యమైన వేషాలు కైకాల కులస్తుల కుటుంబాల హక్కు. మొక్కుకున్న మగవాళ్ళు ఆడవేషం కట్టడం ఈ జాతరలో అందరికీ తెలిసిన ముచ్చట.

ఇక్కడ ఆగి చూడాలి. తోటి అంటే ఊరి వెట్టి చేసే దళితుడు. మాతంగి అంటే మాదిగ ఆడది. పాలెగాణ్ణి వెతకడానికి అమ్మవారు తోటి రూపం తీసుకుంటుంది. చంపిన తర్వాత మాతంగి రూపంలో వాడి పెళ్ళాన్ని ఓదారుస్తుంది. ఊరికి రక్షణ కావలసినప్పుడు దేవత దళిత రూపం ధరించడానికి వెనుకాడలేదు. ఆ రూపం కట్టే హక్కు, దానికి దక్కే మర్యాద మాత్రం దళితుల దగ్గర లేవు. వేషానికి మొక్కుతారు, ఆ వేషంలో కనిపించే అసలు మనిషి మాత్రం పలక పట్టుకుని వేషం ముందర నడుస్తాడు. జాతరను మెచ్చుకుంటూ రాసే పరిశోధకులు దేవత ఆడతనాన్ని చక్కగా వివరించారు. తోటి, మాతంగి అనే పేర్ల వెనకున్న మనుషుల కథ కూడా అంత వివరంగా రాయవలసి ఉంది.

సావు రాత్రి తత్వం

ఇక రెండో సంగీతం. దీన్ని ఎవరూ పిలిచి పాడించలేదు, కూలీ ఇయ్యలేదు, ఊరు వినలేదు. వాడలో ఎవరైనా పోతే, దూరపు ఊర్ల నుంచి చుట్టాలు వచ్చేదాకా శవాన్ని ఉంచాలి. ఆ రాత్రి తెల్లార్లూ భజన గుంపు తత్వాలు పాడుతుంది. ఒక తంబూర, రెండు జతల తాళాలు, చెక్కలు, కొన్ని తావుల కంజీర. గుంపుకు పెద్ద ఒక గురువు. అతను పగలు బావి తవ్వే కూలీ కావచ్చు, చెప్పులు కుట్టేవాడు కావచ్చు. రాత్రి మటుకు అతను గురువు. ఈ దేహం అద్దె కొంప, తొమ్మిది వాకిళ్ళున్న ఇల్లు, ఖాళీ చేసే దినం వస్తుంది. కులం తోలుకే గానీ లోపలున్న దానికి లేదు - ఇట్లాంటి భావాలు ఈ తత్వాల్లో మళ్ళీ మళ్ళీ వస్తాయి. అతను ఒక మాట ఎత్తుకుంటాడు, చుట్టూ కూర్చున్నవాళ్ళు అందుకుంటారు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన ఆడవాళ్ళు కూడా గొంతు కలుపుతారు. నల్లవాళ్ళ సోల్‌కు మన దగ్గర అసలైన జోడీ ఇది. తత్వం అనే మాటకు కూడా ఆత్మ గురించిన పాట అనే అర్థం.

రాయలసీమలో తత్వం అంటే మొదట పోతులూరి వీరబ్రహ్మం గుర్తొస్తాడు. ఆయన కులం కంసాలి, శిష్యుడు సిద్ధయ్య దూదేకుల వాడు, ఇంకో శిష్యుడు కక్కయ్య మాదిగ. కక్కయ్య కథ అందరికీ తెలుసు. దేహంలో ఆరు చక్రాలూ వాటి దేవతలూ ఉన్నారని గురువు సిద్ధయ్యకు చెబుతుంటే చాటుగా విని, ఇంటికి పోయి పెళ్ళాన్ని కోసి చూశాడనీ, ఏమీ కనబడక గురువును నిలదీశాడనీ, గురువు ఆమెను బతికించాడనీ చెబుతారు. ఈ కథను మాదిగవాడి మొద్దుతనానికి దృష్టాంతంగా చెప్పేవాళ్ళున్నారు. వాడల్లో చెప్పే పెద్దోళ్ళ నోట ఇంకో మాట విన్నాను. తోలు కోసి లోపల ఏముందో చూడడం కక్కయ్య పని, అతని విద్య అది. చెప్పింది నిజమా కాదా అని పరీక్ష పెట్టింది అతనొక్కడే అని. ఒకే కథ రెండు నోళ్ళలో రెండు తీర్పులు చెబుతోంది. పెళ్ళాం ప్రాణం ఈ పరీక్షకు పణం కావడం గురించి మాత్రం రెండు నోళ్ళూ మాట్లాడవు. దళిత స్త్రీలు అడగవలసిన ప్రశ్న అది, అడగాలి కూడా.

తత్వంతో ఒక ఇబ్బంది ఉంది, దాచకూడదు. అంతా మాయ అనే పాట, కూలి ఎగ్గొట్టిన ఆసామిని కూడా మాయలో కలిపేస్తుంది. అందుకే 1970ల తర్వాత వచ్చిన విప్లవ కార్యకర్తలు, కొందరు అంబేద్కరిస్టులు తత్వాలను పక్కనపెట్టారు. అయితే బతికినన్నాళ్ళూ అంటరాని దేహమని తిట్లు తిన్న మనిషి శవం పక్కన కూర్చుని, ఆ దేహానికి కులం లేదని గొంతెత్తి పాడడం లొంగిపోవడమా, ధిక్కారమా? పాడిన చోటును చూడకుండా పాటలోని మాటలే చూస్తే ఈ సంగతి తెలియదు.

ఆడవాళ్ళ శోకం

తత్వం మగవాళ్ళ చేతుల్లో ఉంటే, శోకం ఆడవాళ్ళది. శవం చుట్టూ కూర్చుని, ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని రాగం తీసి ఏడుస్తారు. తమిళం వైపు దీన్నే ఒప్పారి అంటారు. మన జిల్లాలో సరిహద్దు పల్లెల్లో రెండు భాషలూ కలిసిపోయి వస్తాయి. చచ్చిపోయిన మనిషి గుణాలు చెబుతూ చెబుతూ, ఏ ఆసామి ఎంత కూలి బాకీ పడ్డాడో, ఏ అన్నదమ్ముడు ఏ ఎకరా ఎగేసుకున్నాడో, ఏ మొగుడు ఎట్లా కొట్టాడో అన్నీ అందులో దొర్లించేస్తారు. పంచాయితీలో నోరెత్తనియ్యని ఆడదానికి శవం ముందర ఎవరూ అడ్డు చెప్పరు. శోకం మా అవ్వల కోర్టు.

నాట్లేసేటప్పుడు, చెనక్కాయలు వలిచేటప్పుడు, బెల్లం వండే గానుగల దగ్గర కూడా పాటలుండేవి. వాటిల్లో ఆసామిని ఎగతాళి చేసే పాటలు అతను గట్టు మీదికి రాగానే దేవుడి పాటలుగా మారిపోయేవి. అమెరికా పత్తిచేలల్లో పర్యవేక్షకుడు వచ్చినప్పుడు బానిసలు పాట మార్చేవాళ్ళని మనం పుస్తకాల్లో చదువుకుని ఆశ్చర్యపోతాం. అది మన మళ్ళలో కూడా జరిగింది.

ఉపదేశి పాట

మూడో పాయ చర్చిది. అమెరికన్ ఆర్కాట్ మిషన్ తరఫున జేకబ్ ఛాంబర్లేన్ 1863లో మదనపల్లెలో కేంద్రం పెట్టాడు. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు జర్మనీ నుంచి హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు వచ్చారు. చదువు రాని వాడలకు వీళ్ళు బడి, ఆసుపత్రి, కీర్తన తెచ్చారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి పాట మీదా రాగం, తాళం పేర్లుంటాయి. బ్రాహ్మణ కులం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటివాళ్ళు కర్ణాటక బాణీల్లో రాసిన కీర్తనలు అందులో చాలా ఉన్నాయి. సభల్లో కూర్చుని వినడానికి మనకు అర్హత లేదన్న రాగాలు ఈ దారిన వాడలోకి నడిచొచ్చాయి. ఏ రాగమో తెలియని కూలి ఆడవాళ్ళు ఆదివారం పొద్దున వాటిని పాడారు, తమ గొంతుకు తగినట్టు విరిచి పాడారు.

పాడే పద్ధతి చూడండి. పుస్తకం చదవగలిగినవాడు ఉపదేశి ఒక్కడే. అతను ఒక వరస చెబుతాడు, జనం దాన్ని సాగదీసి పాడతారు, మళ్ళీ వరస చెబుతాడు. అమెరికా నల్లవాళ్ళ చర్చిల్లో కూడా చదువు నిషేధించిన రోజుల నుంచి ఇదే పద్ధతి సాగింది. నాయకుడు వరస పలికితే జనం అందుకునేవాళ్ళు. చదువు లేకపోవడం అనే ఒకే అన్యాయం నుంచి, సముద్రాలకు అటూ ఇటూ ఒకే రకం పాట పుట్టింది. అక్కడ ఆ చర్చి పాట నుంచి సోల్ వచ్చింది. 1972లో అరీతా మళ్ళీ చర్చికే పోయి భక్తి పాటల రికార్డు ఇచ్చింది. ఇక్కడ చర్చి పాట చర్చి గోడల్లోనే ఉండిపోయింది.

ఎందుకు ఉండిపోయింది? ఒక కారణం చట్టంలో ఉంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి పోయిన దళితుడు షెడ్యూల్డు కులంగా గుర్తింపు పోగొట్టుకుంటాడు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సవరణలు వచ్చాయి, క్రైస్తవులకు రాలేదు. కాబట్టి సర్టిఫికెట్‌లో హిందువుగా, ఆదివారం క్రైస్తవుడుగా బతికిన కుటుంబాలు వేలు. ఉద్యోగంలో ఉన్న కొడుకు 'మా అమ్మ కీర్తనలు పాడేది' అని తన పేరుతో ఒక వ్యాసం రాయాలంటే రెండుసార్లు ఆలోచించాలి. ఊరి పిల్లవాడు తాతగారి త్యాగరాజ కీర్తన గురించి రాస్తే అది సాహిత్యం. వాడ పిల్లవాడు అమ్మ పాడిన కీర్తన గురించి రాస్తే అది సాక్ష్యం, రేపు అతని మీదే ఫిర్యాదు అయ్యే సాక్ష్యం. జ్ఞాపకం కూడా అందరికీ సమానంగా అందే సరుకు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

రాగిరేకులు ఎవరికి?

తాళ్ళపాక అన్నమాచార్యుల (1408-1503) కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో భాండారంలో దాచారు. గత శతాబ్దం మొదటి సగంలో అవి మళ్ళీ వెలుగులోకి వచ్చాయి. పండితులు పరిష్కరించారు. దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. 1959 నుంచే తిరుపతిలో సంగీత కళాశాల ఉంది. మంచిదే. బ్రాహ్మడు నడిచే నేలా చండాలుడు నడిచే నేలా ఒక్కటేనన్న కవి పాట బతికింది, సంతోషం. కానీ ఆ పాట బతకడానికి రాగి, గుడి, పండితుడు, ట్రస్టు, కళాశాల అన్నీ కావలసి వచ్చాయి. ఆ పాటలో ప్రస్తావనకు వచ్చిన చండాలుడు స్వయంగా పాడుకున్న పాటకు ఎవరూ రేకు వేయలేదు. అది గురువు గొంతులో ఉంది. గురువు పోయిన రాత్రి ఆ పాటలు అతనితోపాటు గుంతలోకి పోతున్నాయి.

శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509-1529) ఆముక్తమాల్యద ఆరో ఆశ్వాసంలో మాలదాసరి కథ చెప్పాడు. తెల్లవారకముందే గుడికి పోయి, బయట నిలబడి, మంగళకైశికి రాగంలో దేవుణ్ణి పాడే దాసరిని ఒక బ్రహ్మరాక్షసుడు దారిలో పట్టుకుంటాడు. పాడి వస్తాను, అప్పుడు తిను అని మాట ఇచ్చి దాసరి పోతాడు, పాడి తిరిగొస్తాడు. రాక్షసుడు నివ్వెరపోయి, నిన్ను తినను, నీ పాట ఫలం నాకియ్యి అని కాళ్ళావేళ్ళా పడతాడు. ఆ రాక్షసుడు పూర్వజన్మలో బ్రాహ్మడు. చివరికి అతనికి విమోచనం దొరుకుతుంది. ఈ కథను భక్తి గొప్పదనంగా చెబుతారు. మనం ఇంకో సంగతి గమనించాలి. పాట లోపలికి పోయింది, పాట ఫలం బ్రాహ్మణుడికి పోయింది, పాడినవాడు గుడి బయటే ఉన్నాడు. ఐదు వందల ఏళ్ళ కిందటి ఈ బేరం ఇప్పటికీ నడుస్తోంది. వాడ బాణీ సినిమాలోకి పోతుంది, వేదిక మీదికి పోతుంది, 'జానపదం' అనే పేరు తగిలించుకుంటుంది. జానపదం అన్న తర్వాత పాడినవాడి పేరు, కులం చెప్పవలసిన పని ఉండదు.

పలక దించినవాళ్ళు, పలక ఎత్తినవాళ్ళు

1985లో కారంచేడు, 1991లో చుండూరు దళితుల ఆలోచనను మార్చేశాయి. చదువుకున్న కుర్రవాళ్ళు ఊరి శవానికి పలక కొట్టం, గొడ్డును మొయ్యం అని చాలా పల్లెల్లో తెగేసి చెప్పారు. కొన్ని చోట్ల పలకలు విరగ్గొట్టారు, కాల్చేశారు. ఊళ్ళు కక్ష కట్టాయి; కూలి బందు, దారి బందు, అంగడి బందు. తమిళనాడులో పరై విషయంలో కూడా ఇట్లాంటి నిరాకరణ పోరాటాలు నడిచాయి. వెట్టిచాకిరీ చేయించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టంలోనే నేరం. కళేబరాలు మోయించడం, గుంతలు తవ్వించడం నేరమని 2015 సవరణ విడిగా పేర్కొంది. రమ్మంటే రాను అనడం దళితుడి హక్కు. దాన్ని 'కళను వదిలేస్తున్నారు' అని వాపోయేవాళ్ళకు ఆ కళ కింద నలిగిన వీపు కనబడలేదు.

అదే కాలంలో ఇంకొకటి జరిగింది. 1972 నుంచి జననాట్యమండలి, గద్దర్ (1949-2023) డప్పును సభా వేదిక ఎక్కించారు. మాష్టార్జీ వంటి కవులు అంబేద్కర్ పాటలు కట్టారు. క్యాసెట్ల మీద అవి మన పల్లెలకొచ్చాయి. 1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగలు దండోరా అనే పేరుతో ఉద్యమం మొదలుపెట్టారు. దండోరా అంటే చాటింపు. ఊరి ఆజ్ఞను వాడకు చాటిన పలక, వాడ డిమాండును ఊరికి చాటే పలకయింది. చెయ్యి అదే, తోలు అదే, దెబ్బ అదే. ఆజ్ఞ ఎవరిదనేది మారింది.

కాబట్టి పలక దించినవాళ్ళూ ఎత్తినవాళ్ళూ ఒకరికొకరు శత్రువులని అనుకోవడం పొరపాటు. ఇద్దరూ ఒకే గీత గీశారు: ఇంకొకడి ఆజ్ఞ మీద కొట్టేది లేదు. ఆ గీతకు ఇవతల దించవచ్చు, ఎత్తవచ్చు, మనిష్టం. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సామాజిక పింఛన్లలో డప్పు కళాకారులు ఒక వర్గం. వెట్టి అన్నది కళ అయింది, గుర్తింపు వచ్చింది, ముసలితనంలో నాలుగు రూపాయలు రావడం అవసరమే. కానీ ఈ 'కళ' అనే మాట వెట్టి చరిత్రను కడిగేసే నీళ్ళు కాకూడదు.

జ్ఞాపకం ఎట్లా రాయాలి

ఇప్పుడు చేతిలో ఫోను ఉంటే రికార్డు చేయొచ్చు. కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయంలో, తిరుపతి యూనివర్సిటీల్లో చదివే దళిత విద్యార్థులు, మండలాల్లో పనిచేసే టీచర్లు పూనుకుంటే కొన్నేళ్ళలో ఒక పెద్ద సంపద తయారవుతుంది. అయితే పాట ఒక్కటే పట్టుకుంటే మళ్ళీ మాలదాసరి బేరమే. పాటతోపాటు కొన్ని సంగతులు తప్పకుండా రాయాలి. ఎవరు పాడారు, వాళ్ళకిష్టమైతే పేరుతో సహా. ఎవరి ఆజ్ఞ మీద, ఏ సందర్భంలో పాడారు లేక కొట్టారు. ప్రతిఫలం ఏమిచ్చారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు. ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు. మానేసినందుకు ఏం జరిగింది. ఆడవాళ్ళను ఆడవాళ్ళే అడిగితే మేలు; శోకం పాటలు ఊరికే పాడమంటే పాడరు, పాడమనడం తప్పు కూడా. చర్చి పాటలు చెప్పినవాళ్ళ వివరాలు వాళ్ళు అడిగితే గోప్యంగా ఉంచాలి, కారణం పైన చెప్పుకున్నాం. రికార్డు చేసిన దాని ఒక ప్రతి ఆ వాడలోనే ఉండాలి.

ఇంకో మాట. ఈ పాటలు విని మనసు కరిగితే సిగ్గుపడవలసింది లేదు. నల్లజాతి మనిషి పాత సోల్ పాట విని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, బానిసత్వం మళ్ళీ రావాలని కోరుకున్నట్టు కాదు. ఆ బానిసత్వంలో కూడా తనవాళ్ళు మనుషులుగా మిగిలారనే దానికి ఆ పాట రుజువు. సావు రాత్రి తత్వం, అవ్వల శోకం, ఉపదేశి ఎత్తుకున్న వరస మనకు అట్లాంటి రుజువులు. ఊరి పలక ఇంకో రకం రుజువు, మన వాళ్ళ చేత ఏమేం చేయించారో చెప్పే రుజువు. ఈ రెండు రకాల రుజువులూ మనకు కావాలి. వాడల్లో డెబ్బై ఎనభై ఏళ్ళ గురువులూ అవ్వలూ ఇంకా కొందరు మిగిలే ఉన్నారు. వాళ్ళ దగ్గరికి పోయి కూర్చోవలసింది ఇప్పుడే.